శేషాచలం అంచున గుడారం ఎక్కడ?

తలకోన, మామండూరు, హార్సిలీ హిల్స్, కైగల్... చలికాలం రాగానే టెంట్లు సర్దుకుని కొండదారి పట్టేవాళ్లు ఎక్కువయ్యారు. అడవి పక్కన ఒక రాత్రి గడపాలన్న కోరిక మంచిదే. ఆ రాత్రికి చోటు ఎంచుకోవడంలోనే అంతా ఉంది.

కార్తీకం వెళ్లి వానలు తెరిపిస్తే చాలు, శని ఆదివారాల్లో భాకరాపేట కనుమ ఎక్కే కార్ల మీద టెంట్ల మూటలు కనిపిస్తాయి. చెన్నైలో తెల్లవారుజామున బయల్దేరినవాళ్లు టిఫిన్ వేళకు తిరుపతిలో ఉంటారు. బెంగళూరు వాళ్లకు మదనపల్లె, పీలేరు మీదుగా రావడం వీలు. సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లు, పక్షుల ఫొటోలు తీసేవాళ్లు, పిల్లలకు ఒక్కసారైనా అడవి చూపించాలనుకునే తల్లిదండ్రులు... ఎవరిని కదిలించినా అడిగేది ఒకటే. రాత్రికి టెంటు ఎక్కడ వేసుకోవచ్చు?

నా జవాబు ముందే చెప్పేస్తాను. శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు గీత లోపల మీ అంతట మీరు ఎక్కడా వేయొద్దు. ఆ గీత బయట, ఊరికీ అడవికీ మధ్య, అడిగితే పలికే మనిషి ఉన్నచోట వేసుకోండి. అలాంటి చోటు దొరకడం కష్టం కాదు. కానీ దాన్ని గుర్తుపట్టాలంటే ఈ కొండల స్వభావం కొంత తెలియాలి.

తొమ్మిది నెలలు ఎండే కొండలు

శేషాచలం ఎడారి కాదు. అయినా తడి కొండ అని కూడా అనలేం. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలో వాయుగుండాలతో వస్తాయి. సంక్రాంతి దాటాక వంకలు ఒక్కొక్కటే ఎండుతాయి. శివరాత్రి నాటికి ఆకులు రాలిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో బండలు కాలుతుంటాయి. ఈ ఎండకూ, ఈ పలచటి మట్టికీ అలవాటుపడిన చెట్లే ఇక్కడ నిలిచాయి. ఎర్రచందనం వాటిలో మొదటిది. పేరిత, తెల్ల కరక, మొగి, కొండ సాంబ్రాణి, తంబ జాలారి వంటివి ప్రపంచంలో ఈ తూర్పు కనుమల దక్షిణ భాగం దాటితే దాదాపు కనిపించవు.

వీటి కోసమే 1989లో సుమారు 353 చదరపు కిలోమీటర్ల మేర శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కును ప్రకటించారు. 2010లో అప్పటి చిత్తూరు, కడప జిల్లాల కొండలను కలిపి 4,755 చదరపు కిలోమీటర్ల శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతం ఏర్పడింది. జాతీయ పార్కులోకి అడుగుపెట్టాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి కావాలి. లోపల నిప్పు పెట్టడం నేరం. రాత్రి బస అయితే వాళ్లు చూపించిన చోటే చేయాలి. రిజర్వు ఫారెస్టుకూ దాదాపు ఇవే నిబంధనలు.

చట్టంతో పాటు ఈ అడవికి ఇంకో సంగతి ఉంది. ఎర్రచందనం. దీని కోసం రాత్రిళ్లు గొడ్డళ్లతో లోపలికి వెళ్లేవాళ్లున్నారు. వాళ్లను పట్టుకోవడానికి తిరుపతి కేంద్రంగా ప్రత్యేక టాస్క్‌ఫోర్స్ తిరుగుతుంది. అటవీశాఖ బేస్ క్యాంపుల సిబ్బంది కొండల మీదే కాపలా ఉంటారు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలంలోని శేషాచలం అడవుల్లో జరిగిన పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. దాని మీద కేసులు, వాదనలు ఏళ్ల తరబడి నడిచాయి. అలాంటి అడవిలో అర్ధరాత్రి ఎవరికీ చెప్పకుండా టార్చి వేసుకుని కూర్చుంటే కాపలావాళ్లకు మీరెవరో ఎలా తెలుస్తుంది? ఫోన్లో మ్యాపు చూసి 'ఇక్కడ బాగుంది' అనుకుని దిగేవాళ్లు ఈ ఒక్క మాట ఆలోచించాలి.

మనవాళ్లు అడవిలో ఎప్పుడు పడుకునేవారు?

ఈ కొండల్లో రాత్రి గడపడం కొత్త సరదా కాదు. తిరుమల కొండల్లో మూడు తీర్థ ముక్కోటులు ఏటా జరుగుతాయి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. మామూలు రోజుల్లో మనిషి పోని లోయల్లోకి ఆ రోజు వేలమంది నడుస్తారు. తిరుమల తిరుపతి దేవస్థానం, అటవీశాఖ కలిసి అన్నం, మజ్జిగ, తాగునీళ్లు, వైద్యం ఏర్పాటు చేస్తాయి. గుండెజబ్బు ఉన్నవాళ్లను, చిన్నపిల్లలను రావద్దంటారు. పెద్దవాళ్లు చెబుతారు, ఒకప్పుడు తుంబురు దారిలో రాత్రంతా అక్కడే ఉండి భజనలు చేసి పొద్దున దిగేవారట. ఇప్పుడు వేళలు కట్టుదిట్టం చేశారు.

ఆ తేదీలు చూడండి. మూడూ జనవరి నుంచి మార్చి లోపు వస్తాయి. వానలు వెళ్లిపోయి ఉంటాయి, తీర్థాల్లో నీళ్లు ఇంకా ఉంటాయి, పైగా నిండు వెన్నెల. ఒంటరిగా కాదు, గుంపుగా. ఎక్కడ పడితే అక్కడ కాదు, పేరున్న తీర్థం దగ్గర. కొండ తెలిసినవాళ్లు ఏ కాలంలో, ఏ వెలుతురులో, ఎంతమందితో అడవిలో ఉండాలో పంచాంగంలోనే పెట్టి వెళ్లారనిపిస్తుంది నాకు. ఈనాటి టెంట్లవాళ్లకు ఇంతకంటే మంచి సలహా నేను ఇవ్వలేను.

ఇంకో ఆనవాలు తెల్లవాళ్ల కాలంలో కట్టిన అటవీ బంగళాలు. బెంగళూరు వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ 1954లో అచ్చయిన తన మొదటి పుస్తకంలో చామల లోయ పులి గురించి రాశాడు. మరో పుస్తకంలో మామండూరు పులి కథ ఉంది. భాకరాపేట, రంగంపేట, నాగపట్ల, పులిబోను అనే పేర్లు మన జిల్లా దాటి ఇంగ్లిష్ పాఠకులకు చేరింది ఆయన వల్లే. ఇప్పుడు ఆ పులుల కాలం పోయింది. మామండూరులో పాత బంగళా మాత్రం ఉంది. అది ఎక్కడ ఉందో గమనిస్తే చాలు. దారికి అందుబాటులో, నీటికి మరీ దూరం కాకుండా, అలాగని వంక పక్కన కాకుండా, చుట్టూ కాస్త ఖాళీ వదిలి కట్టారు.

తెల్లటి ఇసుక పిలిచినా పోవద్దు

టెంటు చోటు ఎంచుకునేటప్పుడు కొత్తవాళ్ల కళ్లు మొదట పడేది ఎండిన వంక మీద. మెత్తటి ఇసుక, చదునైన నేల, రాయీ రప్పా ఉండవు. పక్కనే చెలమ తవ్వితే నీళ్లు. ఒడ్డున కానుగ చెట్ల నీడ. ఈ కొండల్లో ఇంతకంటే సుఖమైన నేల ఎక్కడా దొరకదు. ఇంతకంటే ప్రమాదమైన నేలా దొరకదు.

తలకోన కింద ఒక వంక దగ్గర అటవీశాఖ వాచరు ఒకాయన నాకు చేత్తో చూపించాడు. ఇసుక మీద నిలబడితే ఛాతీ ఎత్తున ఒక కానుగ కొమ్మ. దాని చుట్టూ ఎండుగడ్డి, వెదురాకు, ఒక ప్లాస్టిక్ కవరు, తెగిన చెప్పు వారు అన్నీ ఒకే వైపుకు దువ్వినట్టు చుట్టుకుని ఉన్నాయి. "ఈ చెత్త యాడిదాకా ఉందో చూడండి సామీ. వానలప్పుడు నీళ్లు అంత ఎత్తున పోయినాయి. ఈడ మబ్బే లేకపోయినా పైన కొండ మీద కురిస్తే చాలు, చప్పుడు వినబడేలోగా వచ్చేస్తాయి" అన్నాడు. చుట్టూ చూస్తే వరసగా అన్ని పొదలకూ అదే ఎత్తున అదే గీత. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా నేను ముందు వెతికేది ఆ చెత్త గీతనే.

ఇలా ఎందుకవుతుందంటే, శేషాచలం పైభాగమంతా గట్టి క్వార్ట్‌జైట్ రాయి. దాని కింద ఇంకా పాత గ్రానైట్. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ రెండు పొరలూ కలిసే గీతను భూగర్భ శాస్త్రజ్ఞులు జాతీయ స్మారకంగా గుర్తించారు. ఆ రాయి నీటిని పెద్దగా పీల్చదు, పైన మట్టీ పలచనే. పడిన వాన పడినట్టే బండ మీద జారి కోనలోకి దూకుతుంది. తిరుపతి వాళ్లకు ఇది తెలియనిదేం కాదు. ఊళ్లో చుక్క పడకపోయినా కపిలతీర్థం జలపాతం ఒక్కసారిగా ఉరికితే 'కొండ మీద వాన' అంటారు. 2021 నవంబరులో ఆ ఉరుకు ఊరి మీదికే వచ్చింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, తిరుపతి వీధులు కాలవలయ్యాయి. కొండలకు అవతలి పక్క చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట నవంబరు 19న తెగి రాజంపేట దిక్కు ఊళ్లను ముంచేసింది.

కాబట్టి నవంబరులో, డిసెంబరు మొదట్లో వాయుగుండం అన్న మాట రేడియోలో వినిపిస్తే ప్రయాణం మానుకోండి. మిగతా రోజుల్లోనూ వంక ఒడ్డు మీద చెత్త గీతకు పైన, నడిస్తే నాలుగైదు నిమిషాల దూరంలో చోటు చూసుకోండి. నీళ్లు మోసుకురావడం కష్టమే. కానీ ఆ దూరం వల్ల ఇంకో మేలు కూడా ఉంది. రాత్రి ఆ నీటి దగ్గరికి రావాల్సిన జీవాలు వేరే ఉన్నాయి. ఎండకాలంలో ఒక కోనంతటికీ ఒకే దొన మిగులుతుంది. దాని పక్కన మనం టెంటు వేసి పాటలు పెట్టుకుంటే దుప్పి, కణితి, ఎలుగు ఆ రాత్రికి దాహంతోనే తిరిగిపోతాయి.

ఏనుగుల దారి, ఎలుగు పుట్ట

ఏనుగులు చిత్తూరు జిల్లాకు 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చాయి. అంతకుముందు చాలా తరాల పాటు ఇక్కడివాళ్లకు ఏనుగంటే గుడి ఏనుగే. పలమనేరు, కుప్పం దిక్కున వాటి కోసం కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. తర్వాత కొన్ని మందలు శేషాచలం వైపు కూడా కదిలాయి. చంద్రగిరి, భాకరాపేట, మామండూరు చుట్టుపక్కల రైతులు ఇప్పుడు అరటితోటకు, చెరుకుకు, వరికి రాత్రి కాపలా ఉంటున్నారు. 2025లో కర్ణాటక నుంచి అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం పెట్టారు. సమస్య ఎంతవరకు వచ్చిందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

అదే ఏడాది ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, రైల్వేకోడూరు దిక్కున గుండాలకోన దారిలో రాత్రిపూట కాలినడకన వెళుతున్న భక్తుల మీద ఏనుగులు పడ్డాయి. ప్రాణాలు పోయాయి. ఆ భక్తులు తరతరాలుగా నడుస్తున్న దారి అది. స్థానికులకే తప్పనిది, కొత్తగా వచ్చినవాళ్లకు ఎలా తప్పుతుంది? వెదురు విరిగి పడి ఉన్నా, దారిలో ఉండల్లాంటి పెద్ద లద్దెలు కనిపించినా, అక్కడ కూర్చుని టీ కూడా తాగొద్దు. ఏనుగులు ఒకసారి నడిచిన దారిలోనే మళ్లీ నడుస్తాయి.

ఎలుగుబంటి ఆనవాలు ఇంకా సులువు. చెదపుట్ట మొదట్లో గొయ్యి, గోళ్ల గీతలు, చుట్టూ చల్లినట్టు ఎర్రమట్టి. మట్టి తడిగా, రంగు ముదురుగా ఉంటే నిన్న రాత్రిదే. రేగు, నేరేడు, ఈత కాసే కాలంలో ఆ చెట్ల కింద పడుకోవడం ఎలుగు కంచం ముందు కూర్చోవడమే. చిరుత సంగతి అందరికీ తెలిసిందే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నారిని చిరుత పొట్టన పెట్టుకున్నాక, పిల్లలతో నడిచేవాళ్లకు వేళలు నిర్ణయించారు. వేలమంది నడిచే, దీపాలుండే దారిలో జరిగింది అది. పిల్లలతో వచ్చేవాళ్లకు నా మాట ఒకటే. మీకు టెంటు వద్దు, తలుపున్న గది తీసుకోండి. పొద్దున్నే అడవి చూపించండి.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లకు ఈ జాగ్రత్తలు అలవాటే. డాలస్, హ్యూస్టన్ నుంచి సెలవులకు బిగ్ బెండ్ జాతీయ పార్కుకు వెళ్లేవాళ్లను అడగండి. 1944లో ఏర్పడిన ఆ ఎడారి కొండల పార్కులో కట్టెలతో మంట వేయనివ్వరు. టెంటు చోట్లకు నంబర్లుంటాయి, ముందుగా ఖాయం చేసుకోవాలి. ఎలుగులు తెరవలేని ఇనప పెట్టెల్లో తిండి దాచాలి. ఎండకాలమైతే సుమారు 5,400 అడుగుల ఎత్తులోని చీసోస్ కొండల్లో, చలికాలమైతే 1,850 అడుగుల్లో నది ఒడ్డున చోటు చూసుకుంటారు. అక్కడ ఎవరూ దీన్ని స్వేచ్ఛకు అడ్డం అనుకోరు. ఇంటికొచ్చి తలకోనకు వెళ్లినప్పుడు మాత్రం 'మన అడవే కదా' అంటారు. మనదే. అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

నేల, నిప్పు

కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి తెలియదు. జిప్పు పూర్తిగా మూసుకునే టెంటు ఉండాలన్నది అందుకే. రక్తపింజరి రాలిన ఆకుల్లో కలిసిపోతుంది. చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకూడదు, చెప్పులు, బూట్లు దులపకుండా తొడగకూడదు. కాటు పడితే మంత్రం, కట్టు, కోత ఏమీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చోటు ఎంచుకునేటప్పుడే అక్కడినుంచి బండి రోడ్డు ఎంత దూరం, ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుంది అని చూసుకోవడం ఇందుకే.

పాములంత పేరు లేకపోయినా ఈ మధ్య చిత్తూరు జిల్లాలో ఎక్కువ వినిపించింది స్క్రబ్ టైఫస్. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లికంటే చిన్న పురుగు కుట్టడం వల్ల వస్తుంది. కుట్టినచోట కాలినట్టు నల్లటి మచ్చ, వారం పది రోజులకు జ్వరం. గడ్డి మీద నేరుగా దుప్పటి పరుచుకుని పడుకోకండి. కింద మందపాటి పట్టా ఉండాలి. తిరిగొచ్చాక జ్వరం వస్తే అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పక చెప్పండి. త్వరగా గుర్తిస్తే మామూలు మందులతోనే తగ్గిపోతుంది.

ఇక నిప్పు. దీని గురించి మెత్తగా చెప్పడం నా వల్ల కాదు. టెంటు ముందు మంట వేసి చుట్టూ కూర్చోవడం సినిమాల్లో చూసి నేర్చుకున్నది. మార్చి నెలలో శేషాచలంలో బోద గడ్డి నడుము ఎత్తున ఎండి ఉంటుంది. 2014 మార్చిలో తిరుమల కొండలు అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చి పైనుంచి నీళ్లు పోయాల్సి వచ్చింది. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగని కొండల్లో ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు కార్చిచ్చులో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు. చాలామంది చెన్నై యువతే. పేరిత, ఎర్రచందనం మొలకలు ఒక మంటతో పోతే మళ్లీ ఆ ఎత్తుకు రావడానికి ఏళ్లు పడుతుంది. కొండ కింద హోటల్లో సంగటి, ఊరుబిండి కట్టించుకుని వెళ్లండి. ఫ్లాస్కులో టీ తీసుకెళ్లండి. చలేస్తే ఇంకో దుప్పటి కప్పుకోండి.

మరి ఎక్కడ?

ముందు తలకోన. ఎర్రావారిపాలెం మండలం నెరబైలు పక్కన, తిరుపతికి యాభై కిలోమీటర్లు దాటి. సిద్ధేశ్వరస్వామి గుడి, పైన 270 అడుగుల జలపాతం, లావాటి గిల్లతీగలు చెట్టు నుంచి చెట్టుకు పాకిన చీకటి దారి, బండల పగుళ్లలో రాత్రిపూట పిలిచే బంగారు బల్లి, దేవాంగపిల్లి. రాష్ట్రంలో నాకు ఇంతకంటే ఇష్టమైన కోన లేదు. ఇక్కడ స్థానిక వన సంరక్షణ సమితి, అటవీశాఖ కలిసి పర్యాటకం నడుపుతున్నాయి. బసకు గదులున్నాయి. ఆ ప్రాంగణంలోనే ఉండటం అన్నిటికంటే మేలు. మీరు ఇచ్చే డబ్బులో కొంత నెరబైలు మనుషులకే చేరుతుంది. ఒకప్పుడు కట్టెలకు అడవి మీద ఆధారపడినవాళ్లు ఇప్పుడు అదే అడవికి కాపలా ఉంటున్నారు. శివరాత్రికీ, జనవరి ఒకటికీ మాత్రం వెళ్లకండి, నిలబడే చోటు దొరకదు. భాకరాపేట కనుమ మలుపులు చీకట్లో ఎక్కొద్దు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న ధర్మవరం వాళ్ల బస్సు రాత్రి లోయలో పడింది అక్కడే.

సొంత టెంటే కావాలంటే నెరబైలు, భాకరాపేట చుట్టూ మామిడి తోపులున్నాయి. చలికాలంలో మామిడి కాపు ఉండదు కాబట్టి జంతువులకు అక్కడ పెద్ద పని ఉండదు. రైతును అడిగి, కరెంటు మోటారు షెడ్డు పక్కన, బోరు నీళ్లున్నచోట, వేరుశనగ పీకేసిన చేని గట్టున వేసుకుంటే హాయిగా నిద్రపోవచ్చు. చెరుకు, అరటి పక్కన వద్దు. ఇంకో ముఖ్యమైన మాట. కొన్నిచోట్ల అడవిపందుల కోసం చేలకు కరెంటు తీగలు కడుతున్నారు. అది నేరం, అయినా జరుగుతోంది. ఏనుగులూ మనుషులూ ఆ తీగలకు చచ్చిపోయారు. తీగలు ఎక్కడున్నాయో రైతును సూటిగా అడగండి. చీకటి పడ్డాక ఆ తోపు దాటి పక్క చేలోకి అడుగు పెట్టకండి.

మామండూరు తిరుపతికి ఇరవై కిలోమీటర్లు, కడప రోడ్డు మీద, రైలు స్టేషన్ కూడా ఉంది. అటవీశాఖ వసతి దొరికితే ఒక్క రాత్రికి వచ్చేవాళ్లకు ఇదే వీలైనది. తెల్లారి గైడుతో జలపాతం దాకా నడవచ్చు.

హార్సిలీ హిల్స్ జాతీయ పార్కు కాదు, మదనపల్లె పక్కన 1,265 మీటర్ల ఎత్తులో ఉన్న కొండ. కడప కలెక్టరుగా పనిచేసిన హార్సిలీ బంగళా కట్టుకోకముందు దీని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. తిరుపతితో పోలిస్తే ఏడెనిమిది డిగ్రీలు చల్లన. ఏప్రిల్‌లో కూడా రాత్రి నిద్ర పట్టేది ఈ జిల్లాల్లో ఇక్కడే. వేసవి సెలవుల్లోనే వీలైన కుటుంబాలు తలకోన పేరు మరచిపోయి ఇక్కడికి రావాలి. గాలిబండ మీద సూర్యాస్తమయం చూడండి గానీ టెంటు దాని మీద వేయొద్దు. రాతిలో మేకు దిగదు, గాలి ఆగదు.

కైగల్ దుముకురాళ్ల జలపాతం పగలు చూసి రావాల్సిన చోటు. అది ఏనుగుల ఇలాకా. నాగలాపురం కొండలు చెన్నై ట్రెక్కింగు బృందాల వల్ల పేరుకొచ్చాయి. వరుసగా మూడు మడుగులు, తేటనీళ్లు, నిజంగానే అందమైనవి. కానీ ఈ మధ్య అనుమతులు తరచూ మారుతున్నాయి, మడుగుల్లో మునిగి చనిపోయినవాళ్లూ ఉన్నారు. ఉబ్బలమడుగు జలపాతానిదీ అదే కథ. అడిగి, అవునంటేనే, పగటిపూట వెళ్లండి.

ఒక విన్నపం

చోటు చూపించకుండా 'వద్దు' అని బోర్డు పెడితే జనం ఆగరు, దొంగదారిన వెళతారు. అటవీశాఖకు నా విన్నపం ఇది. నెరబైలు, మామండూరు, భాకరాపేట, రంగంపేట వంటి అంచు ఊళ్లలో నంబర్లు వేసిన టెంటు స్థలాలు కొన్ని గుర్తించండి. ఒక మరుగుదొడ్డి, తాగునీళ్లు, రాత్రి కాపలాకు ఇద్దరు మనుషులు చాలు. మంట నిషేధం, మందు నిషేధం అని రాసి కచ్చితంగా అమలు చేయండి. వచ్చిన డబ్బు వన సంరక్షణ సమితులకు ఇవ్వండి. డిసెంబరు పదిహేను నుంచి ఫిబ్రవరి చివరిదాకా తెరిచి, మంటల కాలం మొదలవగానే మూసేయండి.

అప్పటిదాకా, ఈ చలికాలం వెళ్లాలనుకునేవాళ్లు బయల్దేరే ముందే తిరుపతి అటవీ కార్యాలయంలో అడగండి. వాళ్లు కాదన్న చోటికి పోకండి. చీకటి పడకముందే చేరుకోండి, మంట వేయకండి, తెచ్చిన ప్లాస్టిక్ అంతా మళ్లీ సంచీలో వేసుకుని రండి.